ఆదెమ్మక్క దవడ అచ్చు

2025 ఏప్రిల్ 27, ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. అనంతపురంలో మా వీధికి కుళాయి నీళ్ళు వదిలే వేళ అది. బిందె కింద పెట్టి నిలబడి ఉండగా ఫోను మోగింది. ధర్మవరం నుండి మాబున్నత్త. ఆమె భర్త, నాకు పని నేర్పిన పీరన్న మామ, పోయిన చలికాలంలో కాలం చేశారు. అప్పటి నుండి ఆమె ఫోను చేయడం అదే మొదటిసారి.

"నూర్జా, లేసినావా అమ్మీ? మీ మామ అంగడి కాలీ చేయమంటాండారు. ఆడ సెల్‌ఫోన్ల అంగడి పెడతారంట. కుర్చీ ఎవరన్నా తీసుకుంటారు, మోటారు ఎవరన్నా తీసుకుంటారు. ఆ బొమ్మల్నే ఏం చేయాల్నో తెల్లేదు. పారేద్దామంటే చెయ్యి రాలేదు నాకు."

బొమ్మలు అని ఆమె అన్నది మనుషుల నోళ్ళను. పీరన్న మామ కట్టుడు పళ్ళు కట్టేవారు. కట్టిన ప్రతి మనిషి దవడకూ తెల్లటి సుద్ద అచ్చు ఒకటి ఆయన అంగడి గోడకున్న చెక్క అరల మీద ఉండేది. పైదవడ కిందిదవడ మీద బోర్లించి, మధ్య కాస్త సందుతో, అవన్నీ ఏదో చెప్పబోయి ఆగినట్టు కూర్చుని ఉండేవి. వాటి మధ్యనే నేను నా చిన్నతనంలోని చివరి సంవత్సరాలు గడిపాను. ఇప్పుడు ఒక దంత వైద్య కళాశాలలో పళ్ళు తయారుచేసే ప్రయోగశాలకు బాధ్యురాలిని. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని. సరిగ్గా ఆ వారంలోనే మా కళాశాలవారు నన్ను ఒక అభిప్రాయం అడిగి ఉన్నారు: కోర్సు చదవకపోయినా, బయటి అంగళ్ళలో పని నేర్చుకున్న పిల్లలను శిక్షణకు తీసుకుని, పనిమీదనే తీర్చిదిద్ది ఉద్యోగంలోకి తీసుకోవచ్చునా అని. నేను వచ్చిన దారి కూడా అదే కనుక నా మాటకు విలువ ఉంటుందని వారి ఉద్దేశం. తీసుకోవచ్చునని చెప్పడానికి నేను ఏమాత్రం ఆలోచించనవసరం లేదనుకున్నాను. మాబున్నత్త ఫోను వచ్చేవరకు అలాగే అనుకున్నాను.

మాది బత్తలపల్లె. మా నాయన దూది ఏకి పరుపులు కుట్టేవారు. ఆయన ఏకుడుబద్ద తీగ మోత వింటూనే నేను పదవ తరగతి వరకు చదివాను. ఆ సంవత్సరం కూడా వానలు లేవు. శెనక్కాయ పంట పోయిన ఏడు ఎవరూ కొత్త పరుపు కుట్టించుకోరు. దానికి తోడు స్పాంజి పరుపులు వచ్చాయి. ఇంటర్మీడియట్‌లో చేరాలని నాకు ఉండేది. నాయన నన్ను బస్సెక్కించి ధర్మవరం తీసుకువెళ్ళి పీరన్న మామ అంగడి ముందు నిలబెట్టి, "చదువు యాడికీ పోదు. ముందు చేతికి ఒక పని రానీ. చేతికొచ్చిన పని కరువుకు ఎండిపోదు" అన్నారు. పీరన్న మామ మాకు దగ్గరి చుట్టమేమీ కారు, అమ్మ తరఫున ఏదో వరుస. ఆయనకు ఆడపిల్లే కావలసి వచ్చింది. ఎందుకంటే పళ్ళు లేని ఆడవాళ్ళు ఆయన ముందు నోరు తెరిచేవారు కారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చుని, కొంగు తీయకుండానే లేచి వెళ్ళిపోయేవారు. వారి నోట్లో ముద్ర తీసే ట్రే పెట్టడానికి ఆడమనిషి చేయి కావాలి.

వారి ఇల్లు అంగడి వెనుకనే. తెల్లవారి నమాజు ముగించుకుని మామ వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ వాకిట్లో తిరిగేవారు. ఆయన పళ్ళకు కూడా మా అందరి పళ్ళకు ఉన్నట్టే గోధుమరంగు చారలు ఉండేవి. మా బోరునీళ్ళలోని ఫ్లోరైడు ఎవరినీ వదలలేదు. లోపల మాబున్నత్త సంగటి కెలికే చప్పుడు, వేరుశనగలు వేయించి ఊరుబిండి నూరే వాసన, అంగడిలో నుండి కరిగిన మైనం వాసన, పక్కింట్లో మగ్గం చప్పుడు, ఇవన్నీ కలిసి ఒకే ఉదయంగా ఉండేవి. మామ రెండు ముద్దల సంగటి తిని, గాజు గ్లాసులో టీ తాగి, ఆ గ్లాసు కడిగి తానే బోర్లించి, అప్పుడు అంగడి తలుపు తీసేవారు. తీయగానే మొదట అరల వైపు చూసేవారు. ఆ చూపులో పలకరింపు ఉండేది. అచ్చుల గురించి ఆయన మాట్లాడే తీరే వేరు. "సుబ్బన్న ఎండలో ఉండాడు, లోపలికి తీసుకురా అమ్మీ, పగులుతాడు" అనేవారు. "మేస్త్రీ ఇంకా ఆరలేదు, ముట్టొద్దు" అనేవారు. మొదట్లో నాకు నవ్వు వచ్చేది. మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళి నేను ఒక్కదాన్నే అంగట్లో ఉన్నప్పుడు నవ్వు వచ్చేది కాదు. వారిలో చనిపోయినవారు కూడా ఉండేవారు. ఒకసారి ఒకాయన వచ్చి, తన తల్లికి ఫోటో ఏదీ తీయించలేదని, ఆమె అచ్చు ఒకసారి చూస్తానని అడిగి, దాని ముందుపళ్ళ చోట వేలితో తడిమి వెళ్ళిపోయాడు.

పని ఇలా ఉండేది. పొడిని నీళ్ళలో కలిపితే మెత్తటి ముద్ద అవుతుంది. దాన్ని ట్రేలో నింపి నోట్లో అదిమి పట్టుకుంటే కాసేపటికి గట్టిపడి, చిగురు ఎలా ఉంటే అలా ముద్ర దిగుతుంది. ఆ ముద్రలో సుద్ద పోసి ఆరబెడితే దవడ అచ్చు వస్తుంది. అచ్చు మీద మైనం పరిచి, మైనంలో పళ్ళు గుచ్చి, చివరకు కట్టుడు పళ్ళ సెట్టు తయారుచేస్తారు. ముద్ద కలిపేటప్పుడు గాలి చేరితే ముద్రలో బుడగ పడుతుంది. ఆ బుడగ గుంటలోకి సుద్ద దిగి, అచ్చు మీద చిన్న బొడిపెగా తేలుతుంది. బొడిపె నోట్లో లేనిది, అచ్చు మీద మాత్రమే ఉన్నది. కనుక దాన్ని కత్తితో గీకి చదును చేయాలి. మామ దగ్గర రంపం బ్లేడు అరగదీసి చేసుకున్న చిన్న కత్తి ఉండేది. అచ్చును తలుపు దగ్గర వెలుతురుకు పట్టుకుని, బొడిపె కనిపించగానే గీకి, ఫూ అని ఊదేవారు. రోజంతా ఆ ఊదే చప్పుడు వినబడుతూనే ఉండేది. ఆ పనిని ఆయన ఎవరికీ ఇచ్చేవారు కారు.

నాకు ఇచ్చిన పని నోళ్ళు. ఆడవాళ్ళను తెర వెనుకకు తీసుకువెళ్ళి, చిగుళ్ళంతా చూపుడువేలితో తడిమి చూసి, ఎక్కడ ఎత్తు ఎక్కడ పల్లం మామకు చెప్పేదాన్ని. ఆయన నా వేలి మాట మీదనే ట్రే వంచేవారు. "నీ ఏలే నా కన్ను" అనేవారు. ఆ మాటకు నేను ఎంత గర్వపడ్డానో ఇప్పుడు చెప్పలేను. అంగడి ముందుముందు నీదేనని కూడా ఒకటి రెండుసార్లు అన్నారు. ఇంటర్మీడియట్ మీద నాకున్న ఆశ నెమ్మదిగా తగ్గిపోయింది. ఇదే నా కళాశాల అనుకున్నాను, ఆ మాట అబద్ధం కాదు.

ఆదెమ్మక్క ఆ రోజుల్లో వచ్చింది. రెండు వీధుల అవతల పట్టుచీరలు నేసే నారాయణప్ప భార్య. ఆకువక్క, పొగాకు ఎడమ బుగ్గన పెట్టుకుని రోజంతా మగ్గం పక్కన దారం తోడే మనిషి. వయసు మీరకముందే పళ్ళన్నీ ఊడాయి. తెగిన దారం ముడివేసి, మిగిలిన కొసను పంటితో తెంపడం ఆమెకు అలవాటు. పళ్ళు పోయాక కత్తెర కోసం తడుముకోవలసి వస్తోందని ఆమె బాధ. తన తరువాత మగ్గం దగ్గర కూర్చోవడానికి కోడలు తొందరపడుతోందని కూడా చెప్పింది. పళ్ళు లేకపోతే మగ్గం పక్కన చోటు లేదు. ఆమెకు కావలసింది ఆ చోటు.

"ఏమప్పా పీరన్నా, సంగటి మింగేదానికి పళ్ళు యాల అంటాండాడు మా ఆయప్ప. దారం తెంపేదానికి నీ పళ్ళు ఇస్తావా అని అడిగితి. నోరు మూసుకున్యాడు."

"ఆయప్పకు ఉండేవే నాలుగు కదక్కా" అన్నారు మామ.

"అందుకే అడిగితి. అవి కూడా పాయ అనుకో, అప్పుడు ఇద్దరం ఈడికే వస్తాం." తరువాత నా వైపు తిరిగి, "అమ్మీ, తెల్లగా మెరిసేటివి పెట్టొద్దని మీ మామకు చెప్పు. సినిమాకు పోతాండానా నేను? ఊర్లో నగుతారు. మన నీళ్ళు తాగిన పళ్ళు ఎట్లుంటాయో అట్లే ఉండాల" అంది.

అలా అడగనక్కరలేదు. మామ ఎవరికైనా అలాగే చేసేవారు. బెంగళూరు నుండి వచ్చే పళ్ళు పాలలా తెల్లగా ఉంటాయి. వాటి మీద సన్నటి గాడి గీసి, గోధుమరంగు పొడి నింపి మచ్చలు పెట్టేవారు. ఆదెమ్మక్కకు పెట్టిన మచ్చలు ఆమె అక్కచెల్లెళ్ళ పళ్ళు చూసి పెట్టారు. సెట్టు పెట్టుకుని ఆమె అద్దంలో చూసుకుంది, తరువాత మామ చొక్కా గుండీ దారం పట్టుకుని పంటితో పుటుక్కున తెంపింది. గుండీ ఎగిరి అరల కింద పడింది. అంగడిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నా జ్ఞాపకంలో మామ పళ్ళు బయటపెట్టి నవ్వడం అదే ఆఖరుసారి.

కొన్నాళ్ళకు ఆమె తిరిగి వచ్చింది. కిందిసెట్టు ఎడమవైపు ఒరుసుకుంటోందని చెప్పింది. మామ అంచు అరగదీశారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అరగదీశారు. మా వృత్తిలో నొప్పి అంటే సెట్టు నొప్పే. మరో నొప్పి మాకు తెలియదు. "కొత్త చెప్పు కరిసినట్ల ఇది. రవ్వన్ని దినాలు ఓర్సుకోవల్ల" అని ఆయన చెబితే ఆమె ఓర్చుకుంది. చివరకు కిందిసెట్టు కొత్తది కట్టాలని నిశ్చయించారు. ముద్ర తీయడానికి ముందు నేను ఎప్పటిలా నోరు తడిమాను. ఎడమవైపు బుగ్గకూ చిగురుకూ నడుమ, ఆమె పొగాకు పెట్టుకునే చోట, కందిబేడంత ఏదో తగిలింది. అదిమితే మెత్తబడలేదు. తెర ఇవతలకు వచ్చి చెప్పాను.

"మామా, ఎడమ పక్క బుగ్గ లోపల గట్టిగా ఉండాది. రాయి మాదిరి."

"కాయ కాసింటాదమ్మీ. సెట్టు ఒరుసుకొని ఒరుసుకొని. బండెద్దు మెడ సూల్లేదా నువ్వు?"

"నొప్పి లేదంటాండాది ఆడ. ఒరుసుకున్న చోట నొప్పి ఉండాల కదా?"

ఆయన ఒక్క క్షణం ఆగారు. ఆ ఆగడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "కాయకు నొప్పి యాడుంటాదిలే. దాని నొప్పి అయిపోయినాకనే కదా అది కాయ అయ్యేది" అన్నారు. ఆ తర్కంలో లోపం నాకు కనిపించలేదు. అంతవరకు మేము చూసిన నోళ్ళన్నిటిలోనూ ఆ మాట నిజమే అయింది.

మరునాడు ఆదెమ్మక్క అచ్చు ఆరింది. మామ దాన్ని తలుపు దగ్గర వెలుతురుకు పట్టుకున్నారు. ఎడమవైపు, బుగ్గకూ చిగురుకూ నడుమ లోయలో చిన్న బొడిపె.

"సూడు, బుడగ పడింది. ముద్ద కలిపేటప్పుడు ఎవరితో మాట్లాడతాంటివి?"

"ఎవరితోనూ లేదు మామా. బాగానే కలిపితి."

"బుడగ పడకుండా కలిపే చెయ్యి అల్లా ఒక్కడిదే" అని నవ్వుతున్నట్టు అంటూ కత్తితో గీకి, ఫూ అని ఊదారు. తెల్లటి పొడి వెలుతురులో కాసేపు తేలింది. నిన్న నా వేలికి తగిలినదీ, ఆ రోజు ఆయన కత్తికి తగిలినదీ ఒకటేనని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. నోరు నా పని, అచ్చు ఆయన పని. ఆ చదును మీద కట్టిన కొత్తసెట్టు ఆమెకు చక్కగా కుదిరినట్టే కనిపించింది.

తరువాతి సంగతి నెమ్మదిగా జరిగింది. ఆదెమ్మక్క రావడం మానేసింది. ఒరుపు తగ్గిందనుకున్నాము. చెంప వాచిందని ఎవరో అన్నారు. పెద్దాసుపత్రిలో చూసి బెంగళూరుకు పంపించారని మరెవరో అన్నారు. ఒక మధ్యాహ్నం నారాయణప్ప వచ్చి, పట్టుగుడ్డ ముక్కలో చుట్టిన సెట్టును బల్ల మీద పెట్టాడు.

"ఇది ఆమెకు ఇంక పనికిరాదంట పీరన్నా. దవడ తీసేసినారు. ఎవరికన్నా పనికొస్తాదేమోనని తెచ్చినా."

మామ ఆ గుడ్డను విప్పి సెట్టును చూశారు. నారాయణప్పే మళ్ళీ అన్నాడు: "నువ్వేం మనసులో పెట్టుకోవద్దప్పా. పళ్ళు బాగా కుదిరినాయి. బెంగళూరు బస్సు ఎక్కేరోజు పొద్దున కూడా మగ్గం కాడ కూసోని దారం తెంపింది."

నారాయణప్ప తిట్టి ఉంటే మామ మనసు బహుశా కాస్త తేలికపడేది. ఆదెమ్మక్క ఆ ఎండాకాలం దాటలేదు.

అంగడి మూతపడలేదు. మామ అదే వేళకు తలుపు తీసేవారు, టీ గ్లాసు అలాగే బోర్లించేవారు. అయితే అచ్చులను పేర్లతో పిలవడం ఆగిపోయింది. తలుపు తీయగానే అరల వైపు చూడడం కూడా ఆగిపోయింది. కొన్నాళ్ళ తరువాత మా నాయనను పిలిపించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "పాపను సదివించప్పా. నేను సూపిచ్చేది అయిపాయ" అన్నారు. నాయన తెల్లబోయారు. "అంగడి ఇస్తానంటివి కదన్నా?" అని అడిగారు. "అంగడి ఇస్తే నా చెయ్యి వస్తాది ఆ పిల్లకు. నాకు తెలియనిది కూడా వస్తాది" అని మాత్రం చెప్పి లేచి వెళ్ళిపోయారు. ఆ మాట నాకు అర్థం కాలేదు. నా వేలు చెప్పిన మాట ఆయనకు గుర్తుంది గనుక, నన్ను రోజూ ఎదురుగా చూడలేక పంపేస్తున్నారనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. పండుగలకు వెళ్ళి పలకరించినా ఆదెమ్మక్క పేరు మా ఇద్దరి మధ్య రాలేదు.

ఇంటర్మీడియట్, తరువాత పళ్ళ తయారీలో డిప్లొమా, ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీ. ఈ క్రమం ఒక్క వాక్యంలో చెప్పగలిగినంత సులభంగా నడవలేదు. డిప్లొమా మొదటి సంవత్సరంలో నా చేయి చూసి మాస్టర్లు ఆశ్చర్యపోయారు. తోటివారు ట్రే పట్టుకోవడం నేర్చుకుంటున్నప్పుడు నేను పళ్ళు గుచ్చుతున్నాను. ఆ గౌరవం ధర్మవరం అంగడిది, ఎవరూ కాదనలేరు. అయితే ఒకరోజు పాఠంలో తెర మీద ఒక బొమ్మ చూపించారు. బుగ్గకూ చిగురుకూ నడుమ, పొగాకు పెట్టుకునే చోట, చిన్న బొడిపె. నోటి క్యాన్సరుకు మొదట్లో నొప్పి ఉండదని మాస్టరు చెబుతున్నారు. నా చూపుడువేలి కొస చల్లబడింది. తరగతి మధ్యలో లేచి బయటకు వచ్చి, వరండాలో స్తంభం పట్టుకుని నిలబడ్డాను. అప్పటి నుండి ఎన్ని నోళ్ళు చూశానో లెక్క లేదు. ఎడమవైపు లోయలోకి వేలు వెళ్ళిన ప్రతిసారీ అక్కడ ఆదెమ్మక్క ఉందేమోనని ఒక లిప్తపాటు ఆగుతుంది.

ఆ ఆదివారమే బయలుదేరి ధర్మవరం వెళ్ళాను. అంగడి సగం ఖాళీ అయింది. అరల మీద దుమ్ము, దుమ్ము కింద నోళ్ళు. మేము ఒక్కొక్కటే దించి తుడిచాము. బతికి ఉన్నవారివి ఒకవైపు, పోయినవారివి మరొకవైపు పెట్టమని అత్త అంది. ఆమెకే అందరూ గుర్తున్నారు. రెండోవైపే కుప్ప పెరిగింది. ఆదెమ్మక్క అచ్చు అరల మీద లేదు. మామ కూర్చునే బల్ల సొరుగులో, పాత తువ్వాలులో చుట్టి ఉంది. కింది దవడ. కత్తి గీకిన చదును ఎక్కడుండాలో నాకు తెలుసు. అక్కడ చదును లేదు. గులాబీ రంగు మైనంతో బొడిపె పెట్టి ఉంది, నేరేడుగింజ కంటే పెద్దది.

"దాన్ని ఎవరినీ ముట్టనిస్తా ఉన్నెల్లేదు" అంది మాబున్నత్త. "మైనం కాంచేది, రవ్వంత పెట్టేది, ఎలుతురుకు పట్టుకొని సూసేది. ఏడాదికొకసారో రెండుసార్లో. ఏం కడతాండావయ్యా అంటే, కట్టేదేం లేదు, తీసేసింది పెడతాండా అనేవాడు. నాకు అర్తం కాలేదమ్మీ. నీకేమన్నా అయితాందా?"

నేను ఆ బొడిపె సంగతి చెప్పాను. ఆమె అంతా విని, కొంగుతో అచ్చు అడుగు తుడిచింది.

మైనం పొరలు పొరలుగా ఉంది. పైపొర కొత్తది. అంచున చూస్తే కింద పాతపొరలు నల్లబడి కనిపిస్తున్నాయి. ఏడాదికేడాది ఆయన దాన్ని పెంచుతూ పోయారు. ఇంత పెద్దది ఎలా కనబడలేదు అని ఆయన తనను తాను అడగడానికి, అది అంత పెద్దది కావలసి వచ్చింది. కానీ నా వేలికి తెలుసు. అది అంత పెద్దది కాదు. సొరుగులోనే ఉన్న చిన్న కత్తిని దీపం మీద వెచ్చజేసి, పై నుండి ఒక్కొక్క పొరా తీశాను. అన్నిటికంటే కింద, చెక్కరంగుకు తిరిగిన మొదటి మైనం తగిలింది. కందిబేడంత. చోటు కూడా అదే. తెర అవతల నుండి వచ్చి నేను చెప్పిన మాట ప్రకారం పెట్టింది. అక్కడ ఆపాను.

"తగ్గించినావే" అంది అత్త.

"ఇంతే ఉండె అత్తా."

ఆమె దాన్ని తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇంతేనా? ఇంతేనని ఆ మనిషికి ఎవరన్నా చెప్పింటే బాగుండు" అంది.

చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. ఆయన అడగలేదు, నాకు ఈ పొరల సంగతి తెలియదు.

కళాశాలలో నా అభిప్రాయం చెప్పే రోజు ఆ అచ్చును బల్ల మీద పెట్టాను. అంగళ్ళలో పని నేర్చుకున్న పిల్లలను తప్పక తీసుకోవాలని, వారి చేతికి వచ్చినది తరగతిలో రాదని చెప్పాను. అయితే సుద్ద ముట్టుకునే ముందు, మొదటి నెలలన్నీ వారు వైద్యుల పక్కన నిలబడి నోళ్ళు చూడాలని, పళ్ళు లేని నోరు మాత్రమే కాదు, జబ్బుపడిన నోరు ఎలా ఉంటుందో వేలితో తెలుసుకోవాలని అడిగాను. ఒప్పుకున్నారు. మొదటి జట్టులో కణేకల్ నుండి ఒకరు, చిలమత్తూరు నుండి ఇద్దరు వచ్చారు. ముగ్గురి ఇళ్ళలోనూ పదో తరగతి దాటినవారు లేరు.

ఆ తరువాత మా ప్రయోగశాలలో మారినది ఇది: అచ్చు మీద బొడిపె కనిపిస్తే, ఆ మనిషిని మళ్ళీ పిలిపించి నోరు చూసేవరకు ఎవరూ కత్తి తీయరు.